స్టీల్ గిన్నెకి మాగ్నెట్ అంటుకుంటే డూప్లికేటా? అసలు ఏవి అంటుకుంటాయి, ఎందుకు అంటుకుంటాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. ఇంట్లో పాత స్టీల్ డబ్బాకి మాగ్నెట్ గట్టిగా పట్టేస్తోంది, మొన్న కొన్న కొత్త గిన్నెకి అస్సలు పట్టట్లేదు, సింక్‌కేమో మధ్యలో జారిపోతోంది గానీ మూలల్లో కొంచెం లాగుతోంది, షాపాయన "మాగ్నెట్ అంటుకోకపోతేనే ఒరిజినల్ స్టీల్ మేడం" అన్నాడు, ఇందులో ఏది నిజం, అసలు ఏయే పదార్థాలు అయస్కాంతానికి అంటుకుంటాయి, ఎందుకు అని.

సూటిగా చెప్పేస్తా. మనం ఉండే వాతావరణంలో, చేతిలో పట్టే మాగ్నెట్‌కి గట్టిగా అంటుకునే శుద్ధ లోహాలు మూడే: ఇనుము, నికెల్, కోబాల్ట్. వీటి మిశ్రమాల్లో కొన్ని అంటుకుంటాయి, మాగ్నెటైట్ రాయి, స్పీకర్ వెనక ఉండే నల్లటి ఫెరైట్ లాంటివి అంటుకుంటాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం, వెండి, బంగారం, సీసం, తగరం, జింక్, చెక్క, గాజు, ప్లాస్టిక్ అంటుకోవు. మీ ఇంటి సంగతికొస్తే పాత డబ్బా బహుశా 430 గ్రేడ్ (ఈ నంబర్లు స్టెయిన్‌లెస్ స్టీల్ రకాల పేర్లు, కింద చెప్తా), కొత్త గిన్నె 304 అయినా కావచ్చు 202 అయినా కావచ్చు, మాగ్నెట్‌తో ఆ రెండిటికీ తేడా తెలీదు, సింక్ మూలల్లో పట్టడం మామూలే. మూడూ స్టెయిన్‌లెస్ స్టీలే, డూప్లికేట్ ఏదీ లేదు. షాపాయన చెప్పింది చాలామంది నమ్మే మాటే గానీ దాన్ని పట్టుకుని డబ్బులు పెట్టకండి.

పైన "మిశ్రమాల్లో కొన్ని" అన్నాను కదా, అసలు కథంతా ఆ "కొన్ని" దగ్గరే ఉంది. మాగ్నెట్ పెట్టి చూస్తే ఇందులో ఇనుము ఉందో లేదో తెలిసిపోతుంది అనుకుంటారు అందరూ. తెలీదండి. ఇనుము ఉన్నా అంటుకోనివి బోలెడు, నికెల్ 80 శాతం ఉన్నా అంటుకోనివి ఉన్నాయి. లోపల పరమాణువులు ఏ వరసలో నిలబడ్డాయి, పక్కపక్కవాటి మధ్య ఎలాంటి పొత్తు ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్టీల్ ఫ్యాబ్రికేషన్ షాపు, రెయిలింగులు, హోటల్ కిచెన్ టేబుళ్ళు, ట్యాంకులు చేస్తాం, పక్క లైన్‌లో మా బావమరిది తుక్కు వ్యాపారం. కాబట్టి మాగ్నెట్ నాకు రోజూ చేతిలో ఉండే వస్తువు, పుస్తకంలో చదివింది కొంత, కాటా దగ్గర గొడవలు చూసి నేర్చుకుంది ఎక్కువ.

తుక్కు షాపులో చూస్తే మీకు వెంటనే అర్థమైపోతుంది. పాడైపోయిన స్పీకర్‌లోంచి తీసిన గుండ్రటి మాగ్నెట్‌కి దారం కట్టుకుని కుర్రాళ్ళు తిరుగుతుంటారు. రాడ్లు, మేకులు, యాంగ్యులర్లు, బండి షాసీ ముక్కలు, బీడు సామాను (పోత ఇనుము, మీ ఇంట్లో దోసె పెనం కూడా అదే అయ్యుంటుంది) అన్నీ టక్కున పట్టుకుంటాయి. గాల్వనైజ్డ్ రేకు కూడా పట్టుకుంటుంది ఎందుకంటే జింక్ పూత పైనే, లోపల ఇనుమే. ప్రెషర్ కుక్కర్ అల్యూమినియందైతే పట్టదు, నాన్‌స్టిక్ పెనం అల్యూమినియం కాబట్టి పట్టదు, ఇండక్షన్ బేస్ అని రాసి ఉంటే మాత్రం అడుగున స్టీల్ బిళ్ళ అతికిస్తారు కాబట్టి కింద మాత్రమే పట్టుకుంటుంది. మోటర్ విప్పితే స్టాంపింగులు (లోపల పేర్చిన ఇనప రేకులు) పడతాయి, రాగి తీగ పడదు. ఇంతవరకు ఎవరికైనా తెలిసిందే.

ఇప్పుడు అంటుకోని ఇనుము సంగతి చూడండి. మన దగ్గర కంకర క్రషర్లు బోలెడు కదా, వాటిలో రాయిని నమిలే జా ప్లేట్లు ఉంటాయి, ఒక్కోటి మనిషి ఎత్తలేనంత బరువు, అది మాంగనీస్ స్టీల్. ఇనుము 85 శాతం పైనే, మాంగనీస్ సుమారు 12–13 శాతం, కార్బన్ ఒక శాతం చిల్లర. రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లండాయన 1882లో కనిపెట్టాడు దీన్ని, రైలు పట్టాలు విడిపోయే చోట వేసే క్రాసింగులు కూడా దీంతోనే చేస్తారు. అంత ఇనుము ఉన్నా మాగ్నెట్ దానిమీద పెడితే చెక్క మీద పెట్టినట్టు జారి పడిపోతుంది. దీంతో క్రషర్ వాళ్ళకి నిజమైన తలనొప్పి ఏంటంటే, కన్వేయర్ బెల్టు మీద వచ్చే ఇనప ముక్కల్ని పైన వేలాడే పెద్ద మాగ్నెట్ లాగేసుకుంటుంది, కానీ జా ప్లేట్ ముక్క విరిగి రాళ్ళలో కలిసిపోతే దాన్ని మాగ్నెట్ వదిలేస్తుంది, అది తిన్నగా రెండో క్రషర్ నోట్లోకి వెళ్ళి దాన్ని పాడు చేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు బెల్టుకి మాగ్నెట్‌తో పాటు మెటల్ డిటెక్టర్ కూడా పెట్టుకుంటారు. తుక్కులో కూడా అంతే, కొత్తగా వచ్చిన కుర్రాడు ఇది ఇనుము కాదు అని పక్కన పడేస్తాడు, పాతవాళ్ళు బరువు చూసి, రాళ్ళు కొట్టి కొట్టి అరిగిన మెరుపు చూసి గుర్తుపడతారు.

ముడి ఖనిజంలో కూడా ఇదే వింత. బైలడిల్లా నుంచి వైజాగ్‌కి వచ్చే ఖనిజం హెమటైట్, 65 శాతం దాకా ఇనుము ఉండే మంచి సరుకు, చేతి మాగ్నెట్ పెడితే దాదాపు పట్టించుకోదు. మన ఒంగోలు దగ్గర కొణిజేడు, మర్లపాడు కొండల్లో ఉండేది మాగ్నెటైట్, అందులో ఇనుము శాతం బైలడిల్లా కంటే చాలా తక్కువ, కానీ ఆ రాతి ముక్కకి మాగ్నెట్ అంటుకుంటుంది. రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిసినవే, పొందిక వేరు. చిన్నప్పుడు ఇసకలో మాగ్నెట్ తిప్పితే నల్లగా మీసాల్లా అంటుకునేది చూశారు కదా, అది ఎక్కువగా మాగ్నెటైటే. భీమిలి వైపు బీచ్‌లో నల్ల ఇసక ఉంటుంది, అందులో ఇల్మనైట్ కూడా కలిసి ఉంటుంది గానీ దానికి మామూలు మాగ్నెట్ చాలదు, బలమైనది కావాలి. ఎర్ర తుప్పు కూడా అంతే, పూర్తిగా తుప్పై పొడిగా రాలిపోయింది మాగ్నెట్‌కి సరిగా రాదు, వచ్చిందంటే అందులో ఇంకా పచ్చి ఇనుము మిగిలుందనో, నల్ల ఆక్సైడ్ కలిసిందనో అర్థం.

నికెల్ సంగతి ఇంకా బాగుంటుంది, నాణేలతో ఇంట్లోనే చూసుకోవచ్చు. 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయి శుద్ధ నికెల్, దొరికితే మాగ్నెట్ పెట్టి చూడండి, ఎగిరి అతుక్కుంటుంది. 80లలో వాడిన పెద్ద రూపాయి బిళ్ళ కుప్రోనికెల్, అంటే 75 శాతం రాగి 25 శాతం నికెల్, అది అంటుకోదు. 1992 నుంచి వచ్చిన చిన్న రూపాయి స్టెయిన్‌లెస్ స్టీల్, అది మళ్ళీ అంటుకుంటుంది. పాత హీటర్లలో ఎర్రగా కాలే నిక్రోమ్ తీగలో 80 శాతం నికెలే, మిగతా 20 క్రోమియం, అయినా అంటుకోదు. నికెల్‌కి ఉన్న గుణం రాగితోనో క్రోమియంతోనో కలిసేసరికి ఆ మోతాదులో చచ్చిపోయింది.

మరి ఎందుకు? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, లెక్కలేం చెప్పను.

ప్రతి ఎలక్ట్రాన్ తనంతట తను ఒక బుల్లి అయస్కాంతం, దానికి స్పిన్ అని ఒక గుణం ఉండటం వల్ల. మామూలుగా పరమాణువులో ఎలక్ట్రాన్లు జతలుగా ఉంటాయి, జతలో ఒకటి పైకి ఒకటి కిందకి, దాంతో ఒకదాని ప్రభావం ఇంకోదాంతో కొట్టుకుపోతుంది. కొన్ని పరమాణువుల్లో జత లేని ఎలక్ట్రాన్లు మిగులుతాయి. విడి ఇనుము పరమాణువులో నాలుగు, కోబాల్ట్‌లో మూడు, నికెల్‌లో రెండు. ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు చాలా వీడియోల్లో, "జత లేని ఎలక్ట్రాన్లు ఉంటే అంటుకుంటుంది" అని. అలా అయితే మాంగనీస్‌లో ఐదు ఉన్నాయి, క్రోమియంలో ఆరు ఉన్నాయి, అవి ఇనుము కంటే గట్టిగా అంటుకోవాలి కదా? అస్సలు అంటుకోవు. కాబట్టి ఎలక్ట్రాన్లు జత లేకుండా ఉండటం ఒక్కటే సరిపోదు, పక్క పరమాణువుది కూడా అదే దిక్కుకి తిరిగి ఉండాలి.

ఆ తిరగడాన్ని నిర్ణయించేది పరమాణువుల మధ్య ఉండే మామూలు అయస్కాంత ఆకర్షణ అనుకుంటాం, కానీ అది చాలా బలహీనం, గది వేడికే చెల్లాచెదురైపోతుంది. అసలు బలం వేరే చోట నుంచి వస్తుంది. ఎలక్ట్రాన్లన్నీ నెగటివ్ కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, క్వాంటం నియమాల ప్రకారం ఒకే దిక్కు స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోటికి రాలేవు, దూరదూరంగా ఉంటాయి, దూరంగా ఉంటే ఆ తోపులాట ఖర్చు తగ్గుతుంది. ఇనుము, కోబాల్ట్, నికెల్‌లో పరమాణువుల మధ్య దూరం, ఎలక్ట్రాన్ల అమరిక ఎలా కుదిరాయంటే అన్నీ ఒకే దిక్కుకి ఉంటేనే లాభం. క్రోమియంలో, మాంగనీస్‌లో పక్కది ఎదురు దిక్కుకి తిరిగితేనే లాభం, అందుకని ఒకటి ఇటు ఒకటి అటు నిలబడి మొత్తం సున్నా అయిపోతుంది. దీన్ని ఎక్స్‌చేంజ్ ఇంటరాక్షన్ అంటారు, 1928లో హైజెన్‌బర్గ్ వివరించాడు. హెమటైట్‌లో కూడా ఈ ఎదురు దిక్కుల బాపతే, ఏదో పిసరంత మిగులుతుంది. మాగ్నెటైట్‌లో కూడా ఎదురెదురే గానీ ఒక వైపు బలం ఎక్కువ, ఇంకో వైపు తక్కువ, ఆ తేడా మిగిలిపోయి అది అంటుకుంటుంది.

మరి మీ ఇంట్లో మేకు అయస్కాంతం కాదు కదా, అన్నీ ఒకే దిక్కుకి ఉంటే అదే ఇంకో మేకుని లాగాలి కదా అని మీకు అనుమానం రావాలి. ఎందుకు లాగదంటే మేకు లోపల చిన్న చిన్న పేటల్లాంటి భాగాలుంటాయి, వాటిని డొమైన్లు అంటారు (ఫ్రాన్స్‌కి చెందిన పియర్ వైస్ 1907లోనే ఈ సంగతి ఊహించాడు), ఒక్కో డొమైన్‌లో కోట్ల పరమాణువులు ఒకే దిక్కుకి ఉంటాయి గానీ ఒక డొమైన్ ఇటు చూస్తే పక్కది అటు చూస్తుంది. తిరునాళ్ళలో జనం గుంపులు గుంపులుగా తలో దుకాణం వైపు చూస్తూ ఉంటారు, రథం కదలగానే అందరి మొహాలూ అటు తిరుగుతాయి చూడండి, మాగ్నెట్ దగ్గరకి తెస్తే మేకులో జరిగేది అది. ఆ దిక్కుకి ఉన్న డొమైన్లు పెరుగుతాయి, మిగతావి తగ్గుతాయి, మేకే తాత్కాలికంగా అయస్కాంతం అయిపోతుంది, మాగ్నెట్ ఉత్తర ధ్రువం దగ్గరున్న చివర దక్షిణ ధ్రువం పుడుతుంది, అందుకే మాగ్నెట్‌ని ఏ వైపు పెట్టినా ఇనుము లాగబడుతుంది గానీ తోయబడదు. మెత్తటి ఇనుములో మాగ్నెట్ తీసేస్తే మళ్ళీ దాదాపు మొదటికొస్తుంది, గట్టి స్టీల్లో కొంత మిగిలిపోతుంది, స్క్రూడ్రైవర్ కొన కొన్నాళ్ళకి స్క్రూలు పట్టుకోవడం మొదలెడుతుందే, అది ఇదే.

వేడి చేస్తే ఇదంతా పోతుంది. వేడి అంటే పరమాణువుల ఊగులాట, ఒక హద్దు దాటితే పక్కవాడితో పొత్తు నిలవదు. ఆ హద్దుని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు, ఇనుముకి 770 డిగ్రీల సెల్సియస్, నికెల్‌కి సుమారు 358, కోబాల్ట్‌కి 1100 పైన. గడోలినియం అని ఇంకో లోహం ఉంది, దాని హద్దు 20 డిగ్రీల దగ్గర, అంటే అది చలికాలం ఊటీలో అంటుకుంటుంది, మా బెజవాడ ఎండల్లో అంటుకోదు, మొదట "మూడే" అని చెప్పి దీన్ని వదిలేసింది అందుకే. కత్తులు చేసే కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రగా కాల్చి మాగ్నెట్ ముట్టించి చూస్తాడు, పట్టడం మానేసిందంటే నీళ్ళలో ముంచి గట్టిపరిచే వేడికి దగ్గరకొచ్చిందని గుర్తు, ఇంకొంచెం కాల్చి ముంచుతాడు. థర్మామీటర్ అక్కర్లేదు.

మీ ఇంట్లో కూడా ఈ క్యూరీ హద్దుతో రోజూ అన్నం వండుకుంటున్నారు తెలుసా. మామూలు ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ గిన్నె తీసి లోపల చూడండి, హీటర్ ప్లేట్ మధ్యలో స్ప్రింగ్ మీద పైకీ కిందకీ ఆడే గుండ్రటి బొడిపె ఉంటుంది. దాంట్లో ఒక ఫెరైట్ ముక్క, దాని కింద ఒక మాగ్నెట్. మీరు స్విచ్ నొక్కితే మాగ్నెట్ పైకి లేచి ఫెరైట్‌కి అతుక్కుంటుంది, కరెంట్ ఆన్. గిన్నెలో నీళ్ళున్నంతసేపు అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, నీళ్ళు ఇంకిపోగానే వేడి ఇంకా పైకి పోతుంది, ఆ ఫెరైట్ క్యూరీ హద్దు 100 దాటాక కొంచెం పైన ఉండేలా తయారు చేస్తారు, హద్దు దాటగానే అది మాగ్నెట్‌ని పట్టుకోలేదు, స్ప్రింగ్ లాగేస్తుంది, టక్ మని వార్మ్‌లోకి పడుతుంది. అందుకే బొడిపె మీద మెతుకులు ఎండి అతుక్కుపోతే గిన్నె సరిగా ఆనక కుక్కర్ పిచ్చిపిచ్చిగా చేస్తుంది. ముందు అక్కడ తుడవండి, ఆ తర్వాతే రిపేర్ షాపు.

సరే, మీ అసలు బాధ స్టీల్ కాబట్టి దాని దగ్గరకి వద్దాం. స్టెయిన్‌లెస్ అంటే ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిపింది, పైన కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పుని ఆపుతుంది. తుప్పుని ఆపేది క్రోమియం, మాగ్నెట్‌కి అంటుకోవడం మానిపించేది నికెల్ లేదా మాంగనీస్. రెండూ వేరు వేరు పనులు. ఈ ముక్క అర్థమైతే షాపాయన మాటలో తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

మామూలు ఇనుములో పరమాణువులు ఘనం మూలల్లో ఒక్కోటి, నడి మధ్యలో ఒకటి ఉంటాయి, ఈ అమరికలో ఇనుము అంటుకుంటుంది. 912 డిగ్రీలు దాటితే మధ్యలోది పోయి ఘనం ముఖాల మీద ఒక్కోటి చేరతాయి, దీన్ని ఆస్టినైట్ అంటారు, ఈ అమరికలో ఇనుముకి ఆ ఒకే దిక్కు పొత్తు కుదరదు. తగినంత నికెల్ గానీ మాంగనీస్ గానీ కలిపితే చల్లారినా ఆ ఆస్టినైట్ అమరిక అలాగే ఉండిపోతుంది. జా ప్లేట్ అంటుకోకపోవడానికి కారణం అదే, 304 అంటుకోకపోవడానికీ అదే.

మా షాపుల్లో మాటల్లో చెప్తా. త్రీ నాట్ ఫోర్, అంటే 18 శాతం క్రోమియం 8 శాతం నికెల్, మాగ్నెట్ పట్టదు, వంటింటికి మంచిది, రేటు ఎక్కువ. టూ నాట్ టూ, జే ఫోర్ లాంటి 200 సిరీస్, నికెల్ ఖరీదు కాబట్టి తగ్గించి మాంగనీస్ పెంచారు, జే ఫోర్‌లో నికెల్ ఒక శాతం అటూ ఇటూ, ఇదీ మాగ్నెట్‌కి పట్టదు, చూడటానికి అచ్చం 304 లాగే తళతళలాడుతుంది, తక్కువ రేటు సామాన్లలో ఎక్కువగా ఇదే. ఫోర్ థర్టీ, క్రోమియం 16–18 శాతం, నికెల్ దాదాపు లేదు, గట్టిగా పడుతుంది. కత్తులకి వాడే 420 కూడా పడుతుంది, పట్టకపోతే ఆ కత్తి పదును నిలవదు అని అనుమానించాలి. అంటే 430 అంటుకుంటుంది గానీ అదేం నాసిరకం కాదు, మామూలు ఇంటి వాడకానికి డబ్బాలు, మూతలు, స్పూన్లకి దర్జాగా పనికొస్తుంది. 202 అంటుకోదు కానీ ఉప్పు, చింతపండు, సముద్రపు గాలి దగ్గర 304 అంత నమ్మకం లేదు. మాగ్నెట్ పరీక్షలో 202 పాసు, 430 ఫెయిలు, ఇదేం పరీక్ష చెప్పండి!

ఒక కేసు చెప్తా. మచిలీపట్నం వైపు ఒకాయన ఇల్లు కట్టి మెట్లకి, బాల్కనీకి స్టీల్ రెయిలింగ్ వేయించారు వేరే చోట. 304 అని రేటు కట్టారు, ఆయన జాగ్రత్తగా మాగ్నెట్ తీసుకెళ్ళి పైపు పైపుకీ పెట్టి చూసుకున్నారు, ఎక్కడా పట్టలేదు, తృప్తి పడ్డారు. ఒక వానాకాలం తిరిగేసరికి పైపుల మీద టీ ఒలికినట్టు గోధుమ రంగు మరకలు, వెల్డింగ్ దగ్గర చిన్న చిన్న గుంటలు. నా దగ్గరకి ముక్క పట్టుకొచ్చారు, టెస్ట్ చుక్క వేస్తే మాంగనీస్ సరుకని తేలిపోయింది. "మాగ్నెట్ అంటుకోలేదండీ నేను చూశాను" అని ఆయన పాపం పదే పదే అంటున్నారు. ఆయన చూసింది నిజమే.

మరి సింక్ మూలలు? 304 రేకుని అచ్చులో పెట్టి లోతుగా గుంజితే సింక్ వస్తుంది. మూలల్లో రేకు బాగా సాగుతుంది, ఆ సాగుడికి అక్కడ ఆస్టినైట్ అమరిక కొంత జారిపోయి మార్టెన్సైట్ అనే ఇంకో అమరికగా మారుతుంది, అది అంటుకునే రకం. మధ్యలో రేకు పెద్దగా సాగలేదు కాబట్టి పట్టదు. 304 బోల్టులు, స్ప్రింగులు, సన్న తీగ కూడా ఇలాగే కొంచెం కొంచెం పడతాయి. వెల్డింగ్ గీత మీద కూడా సన్నగా లాగుతుంది, పగుళ్ళు రాకుండా వెల్డింగ్ రాడ్‌లోనే కొద్ది శాతం ఫెరైట్ అమరిక (స్పీకర్ ఫెరైట్ కాదు, మామూలు ఇనుములో ఉండే ఆ అంటుకునే అమరిక పేరు కూడా ఇదే) మిగిలేలా చేస్తారు. ముక్కని 1050 డిగ్రీల దాకా కాల్చి గబుక్కున చల్లారిస్తే మూల కూడా మళ్ళీ పట్టడం మానేస్తుంది, లోహం అదే, ఒక్క గ్రాము కూడా మారలేదు. కాబట్టి మీ సింక్ మీద అనుమానం పెట్టుకోకండి, ఆ మాటకొస్తే మూలల్లో కొంచెం కూడా లాగని 316 రకాలు కూడా ఉంటాయి, నికెల్ ఎక్కువ కాబట్టి.

ఇంకో సరదా, ఇండక్షన్ స్టవ్. దానికి అడుగు అంటుకునే రకం అయ్యుండాలి. ఖరీదు పెట్టి దళసరి 304 గిన్నె కొని "స్టవ్ గుర్తుపట్టట్లేదు, గిన్నె డూప్లికేట్" అని వెనక్కి తెచ్చినవాళ్ళు ఉన్నారు, డూప్లికేట్ కాదు కాబట్టే పనిచేయట్లేదు మరి. అందుకే ట్రైప్లై గిన్నెల్లో లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట 430 వేస్తారు. ఇండక్షన్ గిన్నె కొనేటప్పుడు మాత్రం అడుగుకి మాగ్నెట్ పెట్టి చూడండి, ఆ పనికి అది సరైన పరీక్షే.

గ్రేడ్ తెలుసుకోవాలంటే ఏం చేయాలి అంటారా. గిన్నెలకైతే ఐఎస్ఐ మార్కు చూడండి, 2024లో స్టీల్ వంట పాత్రలకి దాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్రం ఆర్డర్ ఇచ్చింది. రెయిలింగ్, ట్యాంకు లాంటి పెద్ద పనులకి బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి, నోటిమాట వద్దు. మార్కెట్లో టెస్ట్ లిక్విడ్ దొరుకుతుంది, చుక్క వేసి చిన్న 9 వోల్ట్ బ్యాటరీ ఆనిస్తే మాంగనీస్ ఎక్కువున్న సరుకు మీద ఎర్రగా తిరుగుతుంది, 304 మీద అలా తిరగదు. ఇంకా గట్టిగా కావాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఉన్న ల్యాబుకి గానీ పెద్ద తుక్కు డీలర్ దగ్గరకి గానీ ముక్క తీసుకెళ్తే క్షణాల్లో ఏ లోహం ఎంత శాతమో స్క్రీన్ మీద చూపిస్తుంది.

బంగారం, ఇత్తడి గురించి కూడా కామెంట్లలో అడుగుతారు కాబట్టి ఒక్క మాట. బంగారానికి మాగ్నెట్ అంటుకుంటే అందులో తేడా ఉన్నట్టే, కొక్కెంలో ఉండే బుల్లి స్ప్రింగ్ స్టీలుదై ఉండొచ్చు దాన్ని వదిలేయండి. అంటుకోకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, రాగి, వెండి, ఇత్తడి, టంగ్‌స్టన్ ఏది కలిపినా అంటుకోదు. ఇత్తడి కుళాయి అని జింక్ మిశ్రమం మీద క్రోమ్ పూత వేసి అమ్మేవి ఉన్నాయి, అవీ అంటుకోవు, అక్కడ బరువు చూసుకోవాలి.

అంటుకోనివాటి మీద మాగ్నెట్ ప్రభావం సున్నా అని కూడా కాదు. అల్యూమినియం, టైటానియం, ఆక్సిజన్ చాలా చాలా కొద్దిగా లాగబడతాయి, నీళ్ళు, రాగి, బంగారం, బిస్మత్ అలాగే చాలా కొద్దిగా తోయబడతాయి, మన చేతికి తెలిసే మోతాదు కాదు. నెదర్లాండ్స్‌లో 1997లో ఆండ్రే గైమ్ అనే శాస్త్రవేత్త బృందం 16 టెస్లాల బలమైన మాగ్నెట్ లోపల బతికున్న కప్పని గాల్లో తేల్చి చూపించారు, కప్ప ఒంట్లో నీళ్ళు తోయబడటం వల్లే (ఆయనకే 2010లో గ్రాఫీన్ మీద నోబెల్ వచ్చింది). రాగి పైపులో నియోడిమియం మాగ్నెట్ వదిలితే తాపీగా దిగుతుంది, అది మాత్రం వేరే లెక్క, కదిలే మాగ్నెట్ వల్ల రాగిలో కరెంట్ పుట్టి అడ్డుకుంటుంది, మాగ్నెట్ ఆగితే ఏ లాగుడూ ఉండదు.

ఇంట్లో మీరే పరీక్ష చేసుకోవాలంటే ఫ్రిజ్ స్టిక్కర్ మాగ్నెట్ వద్దు, దాని బలం బొత్తిగా చాలదు, సన్న రేకు మీద ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే పల్చటి రేకులో పట్టుకోవడానికి సరిపడా లోహమే ఉండదు. చిన్న నియోడిమియం బిళ్ళ ఒకటి దారానికి వేలాడదీసి నెమ్మదిగా దగ్గరకి తీసుకెళ్ళండి, దారం ఎంత వంగిందో చూస్తే కొంచెం లాగడానికీ గట్టిగా లాగడానికీ తేడా కనపడుతుంది, చేత్తో పట్టుకుని పెడితే అది తెలీదు. మధ్యలో, అంచున, వంపులో మూడు చోట్లా చూడండి. ఆ బిళ్ళని స్టవ్ దగ్గర వదిలేయకండి, మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటాయి. ముఖ్యంగా పిల్లలకి అందనివ్వకండి, రెండు బిళ్ళలు మింగితే పేగుల్లో అటోటి ఇటోటి ఉండి మధ్యలో పేగుని నొక్కేసి చిల్లు పెడతాయి, మింగారని అనుమానమొస్తే రేపు చూద్దాంలే అనకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గుండెకి పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ ఛాతీ దగ్గరకి కూడా తీసుకెళ్ళకండి.

మీ కొత్త గిన్నె అడుగున ఏమైనా నంబరు గుద్ది ఉంటే ఫోటో పెట్టండి, చూసి చెప్తా.